గడువు

హియుమా ద్వీపంలో, కార్ద్లా ఊరి లైబ్రరీలో
పదకొండు కంప్యూటర్లున్నాయి.
వాటి మంచీచెడూ చూసేది నేనే.
పన్నెండోది ఎండెల్‌ది.
ఎనభై మూడేళ్ల మనిషి, ఒకప్పుడు లైట్‌హౌస్ కాపలాదారు.
ఉన్ని దుప్పటి చుట్టి, తోపుడు బండి మీద
జబ్బుచేసిన దూడను తెచ్చినట్టు తెచ్చాడు దాన్ని.

"ఏదో తేదీ చూపిస్తోంది," అన్నాడు.
"నాదా, దానిదా?"

తెర మూలన చిన్న అక్షరాలు:
ఈ వెర్షన్‌కు మద్దతు ఏప్రిల్ ముప్పైతో ముగుస్తుంది.

ఐదేళ్ల కిందట ఎక్కించింది నేనే.
ఎవరూ డబ్బడగలేదు.
రశీదు లేదు, సంతకం లేదు.
ఒక్క మాట మాత్రం ముందే రాసిపెట్టారు
ముక్కూమొహం తెలియనివాళ్లు:
ఫలానా రోజుదాకా మేం చూసుకుంటాం.
ఆ తర్వాత మా వల్ల కాదు.

కలకాలం అని నాకు చాలామంది మాటిచ్చారు.
వేలికి ఉంగరం తొడిగి ఒకడు,
జీవితకాలం గ్యారంటీ అంటూ ఒక గిన్నెల కంపెనీ.
తేదీ వేసి మాటిచ్చింది వీళ్లే.
నిలబెట్టుకున్నదీ వీళ్లే.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు గానీ
ఎండెల్‌కి వింతలతో పనిలేదు.
అతనికి కావలసింది ఒక్క పట్టిక:
రోజూ పొద్దున, రేవు దగ్గర,
సముద్రం మీద మంచు ఎంత మందం.
డెబ్బై నాలుగు నుంచి రాస్తున్నాడు.
మొదట నోటుపుస్తకాల్లో, తర్వాత ఇందులో.
ఈమధ్య గళ్లలో ఎక్కువగా సున్నాలే.
సున్నాని కూడా వెళ్లి చూసొచ్చే రాస్తాడు.
"చూడకుండా రాస్తే అది అబద్ధపు సున్నా."

అప్‌డేట్ నొక్కాను.
మూడొచ్చాయి.
ఏదో దేశం గడియారం మార్చుకుందట, అదొకటి.
బొమ్మలు తెరిచేదానికొకటి.
మూడోది ప్రింటర్‌ది, కింద సవరణల చిట్టా.
అవి చదివే అలవాటు ఎవరికుంటుంది?
నాకుంది.

"కొత్త వెర్షన్‌లో నిరుడే సరిచేసిన తప్పు ఇది.
పాతదాని కొలతకు కత్తిరించి కుట్టాను.
ఇక్కడ కోడ్ వేరేగా ఉంది, అందుకే ఆలస్యం.
మన్నించండి.
నెలీదా."

రాత్రి రెండూ నలభై అని టైము,
పక్కనే మైనస్ మూడు.
అంటే అట్లాంటిక్‌కి అవతలెక్కడో.
అక్కడిప్పుడు ఆకులు రాలుతుంటాయి,
ఇక్కడ నీళ్లు తేరుకుంటున్నాయి.
ఆ రోజు ఏప్రిల్ ఇరవై ఒకటి.
తొమ్మిది రోజులు పోతే ఎవరూ తలవని దానికి
అతుకేసి, అంచు మడిచి,
దారం పంటితో తెంపి పంపింది.

"తొమ్మిది రోజులకి ఇంత శ్రమెందుకు?"
పైకే అనేశాను.
ఎండెల్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.
"మా దీపం తీసేస్తామని కాగితమొచ్చాక కూడా
పదకొండు నెలలు వెలిగించాను.
ఆఖరి రాత్రి ఒక్క పడవా రాలేదు.
అద్దం మాత్రం తుడిచే ఉంచాను."

కొత్త వెర్షన్ ఆ పెట్టెలో పట్టదు.
"మెమరీ చాలదు," అన్నాను.
"నాకూ అంతే," అన్నాడు.
పట్టికకు రెండు నకళ్లు తీసి, ఒకటి లైబ్రరీలో దాచాను.
మే ఒకటి నుంచి నెట్ తీగ పెట్టొద్దని
రెండుసార్లు చెప్పాను, ఒకసారి రాసిచ్చాను.
దుప్పటి మళ్లీ చుట్టుకుని బండి వెళ్లిపోయింది.

ముప్పయ్యో తేదీ అర్ధరాత్రి
ఎక్కడా ఏమీ ఆరిపోలేదు.

తెల్లారి ఫోను.
"తీగ పీకేశాను.
ఇవాళ సున్నా, చూసొచ్చాను.
ప్రింటు కూడా తీశాను.
ఇన్నాళ్లూ ఆఖరి వరుస సగానికి తెగిపోయేది కదా,
అది నీకెప్పుడూ చెప్పలేదులే.
ఇప్పుడు తెగలేదు.
సున్నా గుండ్రంగా, నిండుగా పడింది."